సీతాకోక చేప చిరునామా

“ఈ చేప ఆ దిబ్బ మీదిదేనని ఏమిటమ్మా నమ్మకం?”

విచారణ హాల్లో ఈ ప్రశ్న వేసింది రేవు కట్టేవాళ్ల తరఫు నిపుణుడు. దిబ్బ బతికే ఉందని జాలర్ల తరఫున చెప్పడానికి వచ్చిన ఆమెకు ఒకప్పుడు చదువు చెప్పిన మాస్టారే. రేవు కోసం సముద్రంలోని పగడాల దిబ్బను తవ్వేస్తారట. అదెప్పుడో చచ్చిన దిబ్బ అన్నది వాళ్ల వాదన.

ఆమె తొణకలేదు. తెర మీది ఫొటో చూపించింది. “సీతాకోక చేపల్లో ఇదో రకం మాస్టారూ. ఒంటి నిండా బాణం మొనల్లాంటి గీతలు, కంటి మీదుగా నల్ల పట్టీ, నల్ల తోకకి పసుపు అంచు. బతికున్న పగడం తప్ప ఇంకోటి ముట్టదు. ఇది ఉందంటే దిబ్బ బతికున్నట్టే. మొన్న మా తమ్ముడు అక్కడ మునిగి తీసిన ఫొటో ఇది.”

ఆ దిబ్బనే నమ్ముకున్న జాలర్లు వెనక వరుసల్లోంచి చప్పట్లు కొట్టారు.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి నడిచారు. “రకం సరిగ్గానే పోల్చావు. మరి చేప వెనకాల నిలువునా ఈ గీత ఏమిటి?”

ఆమె చూసింది. రెండు అద్దాలను జిగురుతో అంటించిన అతుకు. ఇంట్లో పెట్టుకునే చేపల తొట్టి మూల. చేప ఒంటి మీది గీతలన్నీ చూసిన కళ్లకు ఆ ఒక్క గీతా ఆనలేదు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు గొంతు తగ్గించి, “కూర్చో తల్లీ” అన్నారు. ఆ జాలి మరింత కాల్చింది. చప్పట్లు కొట్టినవాళ్ల వైపు చూడలేక, తల వంచుకుని బయటికి నడిచింది.

వరండాలో తమ్ముడు గోడకు ఆనుకుని ఉన్నాడు.

“నలుగురిలో నా పరువు తీశావు కదరా. అంటే దిబ్బ నిజంగానే చచ్చిందా?”

“లేదక్కా. దిబ్బ పచ్చగానే ఉంది. చేపే ఒక్కటీ కనబడలేదు. నువ్వేమో ఫొటో, ఫొటో అని తొందరపెట్టావు. మా తొట్టిలో మిగిలినదాన్ని తీసిచ్చాను.”

“మిగిలినదా? తక్కినవి ఏమయ్యాయి?”

“పట్టి అమ్మేశాను.”

ఆమె వాడి భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

“దిబ్బ మీదున్నవన్నీనా? అవి తొట్టిలో బతకవని నీకు తెలీదా?”

“తెలుసు,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “అందుకేగా అక్కా, కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేది.”