ఇస్సాకు కత్తి

"గిది ఇస్సాకు కత్తి కంటె పెద్దది. తీసుకో" అంటూ, జహీరాబాదు సంతలో సంగయ్య వంపు తిరిగిన మడత కత్తిని భార్య ముందు పెట్టాడు.

నారమ్మ దాన్ని విప్పి, తాడు ముక్క మీద కోసి చూసింది. "వద్దయ్యా."

"నేను కొన్న రెండూ మూలకు పడ్డయి. పొద్దున లేస్తె పక్కింటి ఇస్సాకును అడుక్కొస్తవు. కత్తి మంచిదా, మనిషి మంచోడా?"

దుకాణదారు చూపు తిప్పుకున్నాడు.

"నీ నోట్ల మన్నువడ! ఆయన కత్తికి ఎడమచేతి వాటపు పదును. నాదీ ఎడమచేతి వాటమే గద."

"నాకెన్నడు చెప్పకపోతివి?"

"పెండ్లయినప్పటిసంది నీ ఎదురుంగనే కూరలు కోస్తున్న. ఇంక చెప్పాల్నా?"

తెరిచిన కత్తి ఆమె ఎడమ చేతిలోనే ఉంది. మొగుడిగా తాను ఎన్నడో గమనించవలసిన చెయ్యి అది.

"ఎడమచేతిది ఉన్నదా?" అని సంగయ్య దుకాణదారును మెల్లగా అడిగాడు.