కళ్ళు తెరిచిన బోర్డు

రత్నాకర ఆచారికి సొంతంగా దొరికిన మొదటి గిరాకీ మోనప్ప.

అప్పటిదాకా అతను మేనమామ చెక్కిన దేవుళ్ళకు ఉప్పుకాగితం రుద్దినవాడే. మోనప్ప కొట్టుకు చెక్కే ఈ బోర్డు బాగా వస్తే కార్కళ బజారులో సొంత దుకాణం. రాకపోతే మళ్ళీ మామ దగ్గర ఉప్పుకాగితమే.

"కొట్టు పేరు చిన్నగా ఉన్నా పర్లేదు ఆచారీ. బొమ్మ మాత్రం బస్సులోంచి కూడా కనబడాలి" అన్నాడు మోనప్ప. చుట్టూ సగం చెక్కిన దేవుళ్ళు ఉండటంతో గొంతు తగ్గించాడు. మూతి ముందుకు సాచి, రెండు వేళ్ళు కోరల్లా నిలబెట్టి చూపించాడు.

రత్నాకర ఒళ్ళు పులకరించింది. మా తుళునాడులో కోరల మూతి అంటే పంజుర్లే. ఊళ్ళను కాచే వరాహ దైవం.

"రద్దీ బాగా ఉంటుందా అన్నా?"

"ఆదివారం నిలబడ్డానికి చోటుండదు. ఏ రోజు సరుకు ఆ రోజే. ఆకులో కట్టి ఇస్తా."

పూలకొట్టు కాబోలు అనుకున్నాడు రత్నాకర.

ఇక నియమం తప్పలేదు. దైవాలకు వాడే పనస చెక్కే తెచ్చాడు. చెక్కినన్నాళ్ళూ చేప ముట్టలేదు. కళ్ళు మాత్రం చివరికి వదిలి, ముహూర్తం చూసి, దీపం పెట్టి, సన్న ఉలితో తెరిచాడు.

"బోర్డుకి ముహూర్తమేంట్రా, మతి పోయిందా!" అని నవ్విన మేనమామ, ఆ కళ్ళు చూశాక గబుక్కున చెప్పులు విడిచాడు.

శనివారం మోనప్ప సరుకు కోసం పల్లెలకు పోయాడు. రత్నాకరే వెళ్ళి, మూసిన తలుపుల పైన బోర్డు బిగించి వచ్చాడు.

ఆదివారం పొద్దున్నే జనం విరగబడ్డారు. కొబ్బరికాయలు పగిలాయి. ఒకావిడ కొడుకు ఉద్యోగానికి మొక్కుకుంది. మధ్యాహ్నానికల్లా కమిటీ వెలిసింది, అధ్యక్ష పదవికి ఇద్దరు చొక్కాలు చించుకున్నారు. బోర్డు మీద చెయ్యేస్తే ఊరుకునేది లేదని మాత్రం ఆ ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు.

రత్నాకర ఛాతీ విరుచుకుని వచ్చాడు. మోనప్ప మెట్ల మీద తలపట్టుకుని కూర్చున్నాడు.

"నా గిరాకీలంతా వచ్చారు ఆచారీ. దణ్ణం పెట్టుకుని పోయారు. ఒక్కడు కొంటే ఒట్టు!"

"పోనీ, దించేయనా?"

"ఎలా దించుతావు? పొద్దున నేనే హారతిచ్చాను!" మోనప్ప నుదురు కొట్టుకున్నాడు. "ఏం అమ్ముతావని ఒక్క మాట అడగొద్దటయ్యా, మహానుభావా?"

"గుళ్ళకు చెక్కే వంశం అన్నా మాది. ఏం వ్యాపారమని దేవుణ్ణి అడిగే అలవాటు లేదు."

మోనప్ప లేచి, భక్తులెవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, సగం తెరిచిన తలుపు వెనక కొక్కేలకు వేలాడుతున్న రెండు పందుల మీద తడిగుడ్డ కప్పాడు.