దూరపు హెడ్డాఫీసు

యెల్లారెడ్డి ఊళ్లోని బీడీ కార్ఖానాలో లెక్కలు రాసే మునీం సత్తెయ్య, బిడ్డను అత్తారింటికి సాగనంపే తండ్రిలా గొంతు సవరించుకున్నాడు.

"యాభై ఏండ్ల సంది ఉన్న మన కంపెనీ హెడ్డాఫీసు వచ్చే నెల మహారాష్ట్రకు, నాగపూర్‌కు పోతున్నది. మీకేం ఫరక్ పడదు."

చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వచ్చిన ఆడవాళ్లు తలలూపారు. ఎన్నడూ చూడని ఆఫీసు ఎక్కడికి పోతేనేం? పదకొండేళ్లుగా వాళ్లకు ఇస్తున్నది చిల్లులు పడ్డ తునికాకు. దాంతో చుట్టిన బీడీల్లో సగం పనికిరావని పక్కన పారేసేదీ ఈ సత్తెయ్యే. మంచి ఆకు అడిగితే ఒకటే జవాబు: "హెడ్డాఫీసుకు చిట్టీ రాసిన. దూరం గద, టైం పడతది." ఆ ఆఫీసు బొంబాయి అవతల ఎక్కడో ఉందని అందరి నమ్మకం.

సాయవ్వకు మాత్రం ఒక సందేహం వచ్చింది.

"ఇప్పుడు ఏడున్నది, సత్తెయ్యా?"

"కామారెడ్డిల. బస్టాండు ముంగట్నే," అనేసి, సత్తెయ్య నాలుక కరుచుకున్నాడు.

"బస్సుల పోతే గంటన్నర గాదు. పదకొండేండ్ల సంది మా చిట్టీ నడుసుకుంట పోతున్నదా ఏంది?"

సాయవ్వ చిల్లుల ఆకులు కొన్ని కొంగులో మూటగట్టుకుంది.

"నడువుండ్రే. ఆఫీసు ఇంకా ఆడ్నే ఉన్నది. కంపెనీ ఓనరు సేటుకే చూపిద్దాం."

ఆడవాళ్లంతా లేచారు. సత్తెయ్య పరుగున వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఆగుండ్రి అవ్వా. ఎండల ఎందుకు తిరుగుడు? లోపలి అర్రల మంచి ఆకు నాలుగు బస్తాలున్నది. యాదిమరిచిన."