పాపికొండల దాకా ఒక్కతే

"రేపు నువ్వెటూ పోయేది లేదు" అన్నాడు ఆగయ్య, గడపకు అడ్డంగా నిలబడి.

"పోత" అన్నది సారవ్వ.

ఆగయ్య ఆమెకు బావ. భర్త మొగిలికి స్వయానా అన్న. గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల వరుసకు ఆ చివర అతనిది, ఈ చివర ఆమెది. ఆ వరుసలో అతని మాట ఎవరూ దాటలేదు. సారవ్వ దాటుతున్నది. ఎందుకంటే, భద్రాచలంలో లాంచీ ఎక్కడానికట. పాపికొండలు చూడడానికట. అదీ ఒంటరిగా.

"ఆడిది ఒక్కతి లాంచీ ఎక్కుతదా?"

"మొగోళ్లు ఎక్కితే మునుగని లాంచీ, నేనెక్కితే మునుగుతదా బావా?"

"నకరాలు చెయ్యకు. రేపు ఇంటికి చుట్టాలస్తరు. నువ్వు లేకుంటే నలుగురు ఏమనుకుంటరు?"

"వండేటోళ్లు ఉన్నరు. తినేటోళ్లు ఉన్నరు. నడుమ నేనెందుకు?"

ఆగయ్య గొంతు కొంచెం మెత్తబడింది. "నా తమ్ముని మీద నీకు గింతన్న ప్రేమ, పావురం లేదా?"

"ఉన్నది కాబట్టే పోతున్న."

ఈ పంతం నిన్నటిది కాదు. పెళ్లయిన కొత్తలో మొగిలి తోటి కార్మికులతో కలిసి ఆ లాంచీ ఎక్కి వచ్చాడు. వచ్చి, మంచం మీద కూర్చుని, రెండు అరచేతులు ఎదురెదురుగా నిలిపి చూపించాడు.

"కొండలు గిట్ల దగ్గరికొస్తయి సారవ్వా. గనిల బొగ్గు గోడల నడుమ నడిచినట్టే ఉంటది. గంత ఇరుకు, గంత నిమ్మళం. ఒక్కటే తేడా. పైన ఆకాశం ఉంటది."

నన్నూ తీస్కపో అన్నది ఆమె. వచ్చే లీవుల అన్నాడు అతను. లీవులు వచ్చాయి, పోయాయి. ఓవర్‌టైములు వచ్చాయి, జ్వరాలు వచ్చాయి, చెల్లెలి పురుడు వచ్చింది. లాంచీ మాత్రం రాలేదు.

"ఏడాది తిరగనియ్యి. నేనే తోల్కపోత" అన్నాడు ఆగయ్య.

"ఆగు ఆగు అని ఏండ్లకేండ్లు నీ తమ్ముడు ఆపిండు. ఇప్పుడు నువ్వు మొదలువెట్టినవా? ఎల్లుండి పోతే బావా, పోయేది నేను కాదు."

ఆగయ్య కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దిగాక అతని భార్య సమ్మవ్వ వచ్చింది. వెంట మరో ఇద్దరు ఆడవాళ్లు. తెల్లవారితే తీరిక దొరకదని అన్నీ ముందే తెచ్చారు. సారవ్వకు తలంటారు. పసుపు రాశారు. రూపాయి బిళ్లంత కుంకుమ దిద్దారు. జడనిండా పూలు ముడిచి, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు తొడిగారు. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. బావకు ఎదురుతిరిగిన మనిషిని చూస్తే ఆ తెగువ తమకూ అంటుకుంటుందన్నట్టు ఉన్నారు.

"నిండుగ ఉన్నవు చెల్లె" అన్నది చివరకు సమ్మవ్వ.

"గిట్లనే ఉంట, అక్కా."

వాళ్లు వెళ్లీ వెళ్లగానే సారవ్వ సంచి అందుకుంది. క్వార్టరుకు తాళం వేసి బస్సెక్కింది. రామగుండం స్టేషనులో రైలెక్కి కూర్చుంది.

బండి కదలబోతుంటే కిటికీ దగ్గరకు నర్సింగం రొప్పుతూ వచ్చాడు. మొగిలి షిఫ్టువాడే. ఆగయ్య పంపితే వచ్చాడు.

"దిగు వదినె. పెద్దాయన మండిపడుతున్నడు."

"దిగకుంటే ఎత్తుకపోతవా, నర్సింగం?"

అతను చెయ్యి చాపాడు. ఆ చెయ్యి కిటికీ ఊచల దగ్గరే ఆగింది. పట్టి లాగితే ఆ గాజులు చిట్లుతాయి. నర్సింగం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మరి ఆయనకేం చెప్పాలె?"

"లాంచీ ఎక్కనీకి పోయిందని చెప్పు."

రాత్రంతా బండ్లు మారింది. జనం తోసుకొస్తే చేతులు కొంగులో దాచుకుంది. తెల్లవారి భద్రాచలం బస్సులో పడుతూ లేస్తూ నిలబడింది కాని, ఎవరినీ మోచేతికి తగలనివ్వలేదు. ఒక్క గాజు పగలలేదు.

లాంచీ కూత వేసి రేవు విడిచింది. బల్లమీద పక్కన కూర్చున్న రాజమండ్రి ఆవిడ సారవ్వను ఎగాదిగా చూసింది.

"మీ ఆయన రాలేదామ్మా?"

"తీస్కపోత తీస్కపోత అనుకుంటనే, ముందుగాల ఆయన పోయిండు. నన్ను ఇడిసి పోవుడు ఆయనకు అలవాటే."

"అయితే అలిగి వచ్చావన్నమాట. ఇంటికెళ్లాక ఏమంటాడో మరి."

"ఆయన ఏమనడు. అనేటోళ్లు వేరే ఉన్నరు."

ఆవిడ నవ్వింది. "ఈ గాజులేంటమ్మా, కొత్త పెళ్లికూతురిలాగా?"

"మావోళ్లే తొడిగిన్రు. మంచిగనే ఉన్నయి. ఉంచుకుందామనుకుంటున్న."

ఎండ వాలుతుండగా కొండలు దగ్గరికొచ్చాయి. మొగిలి అరచేతుల్లాగే వచ్చాయి. నది సన్నబడింది. మాటలు సన్నబడ్డాయి. సారవ్వ లేచి లాంచీ ముందుకొసకు నడిచింది.

"కూర్చోవమ్మా, పడతావు" అన్నాడు లాంచీ మనిషి.

"కూసోను" అన్నది. "నిలవడే చూస్త."

ఇటు గోడ. అటు గోడ. పైన ఆకాశం. అతను చెప్పింది చెప్పినట్టే ఉంది. సారవ్వ రెండు చేతులూ తలకంటె పైకెత్తింది. గాలికి పైట ఎగిరింది. గాజులన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి. కొండ ఆ చప్పుడు విని తిరిగి పలికింది.

లాంచీ కింద పారుతున్నవి ఆమె ఊరి మీదుగా వచ్చిన నీళ్లే.

ఎగువన గోదావరిఖని రేవులో, మొగిలి పదో దినానికి చేరిన ఆడవాళ్లు, ఆ గాజులు పగలగొట్టడానికి ఏరి తెచ్చిన రాయిని ముందు పెట్టుకుని, సారవ్వ కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.