శుక్రవారం తినని నక్కలు

ఫ్రాన్సులో మనుషులు ఒకే దేవుడి పేరు చెప్పి రెండు జట్లుగా కొట్టుకు చస్తున్న రోజుల్లో, ఆ పిచ్చి అడవిలో నక్కలకూ అంటుకుంది. పాతమతం నక్కలు శుక్రవారం మాంసం ముట్టవు. కొత్తమతం నక్కలు అన్ని రోజులూ తింటాయి, పంతం కొద్దీ ఆ రోజు మరీను.

అడవి పక్కనే ఓ రైతు పెరట్లో పది కోళ్ళూ, ఒక ముసలి బాతూ ఉండేవి.

"పాతవాళ్ళే నయం వదినా! వారానికి ఒక్కరోజైనా మన జోలికి రారు," అంది పెరీన్ అనే కోడి.

"చాల్లే! కొత్తవాళ్ళకి దొంగభక్తి లేదు. తింటామని మొహాన్నే చెబుతారు," అంది గియెమెట్ అనే కోడి.

మాటా మాటా పెరిగి పెరడు రెండు జట్లయింది. అంతవరకూ కొన్ని గింజలేరుకుంటుంటే కొన్ని కాపలా కాసేవి. ఇప్పుడు అవతలి జట్టుకి నక్క వచ్చిందని అరిచి చెప్పడం కూడా పాపమైంది.

గురువారం పాతమతం నక్కలొచ్చాయి. రేపు ఉపవాసం కదా అని, తమను మెచ్చుకున్న జట్టు మీదే పడి రెండు రోజుల తిండి ఒకేసారి లాగించాయి. గియెమెట్ జట్టు కిక్కురుమనలేదు. శుక్రవారం కొత్తమతం నక్కలొచ్చి రెండో జట్టుని తినేశాయి. పెరీన్ నోరు విప్పలేదు.

శనివారం పొద్దున ఈకల మధ్య రెండే కోళ్ళు మిగిలాయి.

"ఏమైనా అను, మావాళ్ళు నిన్న ఇటు తొంగిచూడలేదు," అంది పెరీన్.

"మావాళ్ళూ చెప్పినట్టే వచ్చారు," అంది గియెమెట్.

"సరేనమ్మా, ఇద్దరి మాటా నెగ్గింది," అంది బాతు. "ఇవాళ శనివారం. ఆ రెండు మతాలకీ తినే రోజే. ఇంతకీ కాపలా ఎవరు కాస్తారు?"