పక్క మంచం

ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే పెద్దావిడ అడిగిన మొదటి మాట, "అది పోయిందా?"

"ఎవరత్తయ్యా?" అంది కోడలు.

"ఇంకెవరు? నా తోడికోడలు."

కోడలు మంచాల మధ్య కట్టిన తెరవైపు చూసి చెప్పింది. "పక్క మంచమే. దవడ విరిగింది. మాట్లాడలేరు."

"దేవుడు ఇన్నాళ్ళకి సరైన చోట చూసి కొట్టాడు," అంది పెద్దావిడ.

ఇద్దరూ ఎక్కిన కారు బోల్తా కొట్టింది. కిటికీ పక్క సీటు నాదంటే నాదని అప్పటికీ కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకే ఇంటికి కాపురానికొచ్చిన నాటినుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

పెద్దావిడకి పక్కటెముక విరిగి ఊపిరితిత్తిలో గుచ్చుకుంది. గాలి పీల్చడమే పెద్ద చాకిరీ అయిపోయింది. ఆ సాయంత్రానికి పెద్దావిడకే విసుగొచ్చింది. చాల్లే ఈ బతుకు అని కళ్ళు మూసేసుకుంది.

అప్పుడు వినిపించింది, తెర వెనక ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు.

అమ్మో, ఇది గట్టిగానే ఉంది! తను పోతే శవం మీద పడి "అక్కయ్యా" అంటూ దొంగేడుపు ఏడుస్తుంది. చూసినవాళ్ళంతా ఎంత ప్రేమో అని మెచ్చుకుంటారు. ఆ ముచ్చట దానికి చచ్చినా తీరనివ్వకూడదు.

పెద్దావిడ పళ్ళు బిగించి గాలి పీల్చింది.

ఆపైన రోజూ అదే వరస. ఈవిడ నీరసపడితే చాలు, అక్కడ దగ్గు. "దగ్గవే, దగ్గు! నీకంటే ముందు పోతాననుకున్నావా?" అని ఈవిడ లేచి కూర్చునేది.

జావ తెస్తే, "అదెంత తాగింది?" అని ఆరా.

"గ్లాసుడు అత్తయ్యా."

"అయితే నాకు గ్లాసున్నర పొయ్యి."

కోడలంటే ఆవిడకి మొదటినుంచీ చులకన. ఉత్త మొద్దు. నోట్లో నాలుక లేదు. ఎప్పుడూ పక్కనే తచ్చాడుతుంది, సరిగ్గా ఆయాసం వచ్చే వేళకి మాయం. తిరిగొచ్చేసరికి కళ్ళు వాచిపోయి ఉంటాయి.

"హాయిగా కునుకు తీసొచ్చావా తల్లీ? నేను చస్తే లేపుతార్లే," అని దెప్పేది పెద్దావిడ.

ఓ ఉదయం డాక్టరు మెచ్చుకున్నాడు. "ఇలాంటి దెబ్బకి చాలామంది ఆశ వదిలేస్తారమ్మా. బతకాలన్న కోరిక మీకు గట్టిది."

"కోరిక కాదు నాయనా, కచ్చ!"

ఇక మెల్లగా నడవమని చెప్పి ఆయన వెళ్ళాడు. మంచం దిగగానే పెద్దావిడకి ఆయాసం వచ్చింది. కోడలు అలవాటు ప్రకారం పక్కన లేదు. వెంటనే తెర వెనక దగ్గు మొదలైంది.

పెద్దావిడకి ఒళ్ళు మండింది. నిలబడ్డ తనని అది కళ్ళారా చూడాలి, చూసి కుళ్ళుకోవాలి. గోడ పట్టుకుని, చప్పుడు చేయకుండా నాలుగడుగులు వేసి, తెరని ఒక్క లాగు లాగింది.

పరుపు కూడా తీసేసిన ఇనపమంచం అంచున ఒక్కతే కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కోడలు దగ్గుతోంది.