సముద్రం తీసుకున్న రేవు

రేపు పెర్త్ యూనివర్సిటీలో నా ప్రసంగం. సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లె నుంచి వచ్చిన అమ్మకి ముందుగా చదివి వినిపిస్తున్నాను.

"ఈ ఇంగ్లండు రేవు పట్నంలో ఒకప్పుడు ఆరు చర్చిలుండేవి. శతాబ్దాల తరబడి సముద్రం ఒక్కొక్కటే మింగేసింది."

"దొరల మాటా ఇనలేదన్నమాట సంద్రం!" అమ్మ నవ్వింది. "మరి ఆళ్ళ సమాధులో?"

"ఒడ్డు విరిగినప్పుడల్లా ఇప్పటికీ ఎముకలు బయటికొస్తున్నాయమ్మా."

"ముందే తవ్వి తీసుకెళ్ళలేదా?"

"కొందరు తీసుకెళ్ళారు. కొందరికి తవ్వడానికి చేతులు రాలేదు."

"తీసుకెళ్ళినోళ్ళు బాగున్నారా?"

"చరిత్రలో అవన్నీ రాయరమ్మా," అంటూ నవ్వాను.

అమ్మ నవ్వలేదు. "నిన్నటి పోటుకి మీ నాన్న సమాధి తలవైపు మట్టి జారిపోయిందంట, నీరజా. తియ్యమంటావా, వదిలెయ్యమంటావా? మీ అన్న ఇందాకే ఫోను చేశాడు, పార పట్టుకుని ఒడ్డున మన మాట కోసం నిలబడున్నాడు."